కట్ట తెగిన సినిమా

మా అత్త చనిపోయిన కబురు మా వీధికి ఎవరూ వెళ్లి చెప్పలేదు. పొద్దున్నే మా ఇంట్లో మగ్గం చప్పుడు మధ్యలో ఆగింది. నేను పిలిచిన పిలుపుకు మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఆ వేళలో మా మగ్గం ఎప్పుడూ ఆగదు కాబట్టి పక్కింటివాళ్లు చెవి పెట్టి విన్నారు. వాళ్ల మగ్గమూ ఆగింది. తర్వాత ఎదురింటిది. కాసేపటికి వీధంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఎమ్మిగనూరులో చేతిమగ్గాలు మిగిలిన వీధులు ఇప్పుడు తక్కువే. మా వీధిలో ఉన్న ఆ కొన్నీ ఆ రోజంతా ఆమె కోసం ఆగాయి.

ఆ పొద్దున అత్త నేనిచ్చిన కాఫీ సగం తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నిద్ర పట్టిందనుకున్నాను. గ్లాసు కడిగి వచ్చేసరికి అయిపోయింది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా ఆయనే అన్నాడు. నేను కన్నడ సరిహద్దున హొళగుంద పక్క పల్లెలో ఏడో తరగతి వరకు చదువుకున్నాను. పెద్ద మాటలు రావు. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కాగితం మీద ఎవరూ ఎదురుగా ఉండరు కాబట్టి రాస్తున్నాను. మా అత్త తన అక్కకు ఒక మాట చెప్పాలని చివరి రోజుల్లో చాలా తపించింది. చెప్పకుండానే పోయింది. ఆ మాట ఒక సినిమా గురించి. సినిమా గురించి అంత బాధ పడడమేమిటని మీకు అనిపించవచ్చు. అందుకే మొదటి నుంచి చెప్తాను.

మా వీధిలో ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సినిమాకు పోయి వస్తే, మరుసటి రోజు దాన్ని మిగతావాళ్లకు చెప్పాలి. మగ్గాలున్న ఇళ్లలో అందరూ ఒకేసారి సినిమాకు పోవడం కుదరదు. ఒకరు పోతే ఆ ఇంటి పని మిగిలినవాళ్లు చేస్తారు. అందుకని పోయి వచ్చినవాళ్లు కథ మొత్తం తెచ్చి వీధికి అప్పగించాలి. మధ్యాహ్నం ఆడవాళ్లందరం ఒక అరుగు మీద చేరి నూలు కండెలు చుట్టుకుంటూ, లేకపోతే పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు మెలిపెట్టి అతుకుతూ వినేవాళ్లం. చేతులకు పని, చెవులకు కథ. టీవీలు, ఫోన్లు వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. దానికి కారణం మా అత్తే. ఆమె చెప్తుంటే వినడం సినిమా చూడడం కంటే బాగుండేది.

తాను చూసిన సినిమాలన్నీ ఆమెకు గుర్తే. చెప్పేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ముందు మనిషి కట్టుకున్న బట్ట చెప్పేది. "నీలం చీర, సన్నంచు, ఉతికి ఉతికి వెలిసిపోయింటాది" అనేది. అప్పుడే ఆ మనిషి పేదదో ఉన్నదో, మంచిదో కాదో మాకు తెలిసిపోయేది. ఎవరైనా ఆలస్యంగా వచ్చి అరుగు చివర కూర్చుంటే కథ ఆపి, వాళ్ల కోసం జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పి, మళ్లీ అందుకునేది. మధ్యలో వచ్చిన మనిషిని మధ్యలోనే వదిలేయకూడదని ఆమె పట్టు. సరిగ్గా అందరం ఊపిరి బిగబట్టిన చోట, "దాహమైతాంది, ఎవరన్నా చెంబు తెండప్పా" అనేది. పక్కింటి అక్క తిట్టుకుంటూ లేచేది. "నీ దాహం మాకు తెలుసులే పెద్దమ్మా, హీరో నూతిలో పడినప్పుడే అయితాది నీకు దాహం!"

నాకు పెళ్లైన కొత్తలో మా ఆయన నన్ను ఆదోనికి సినిమాకు తీసుకుపోయాడు. మరుసటి రోజు మధ్యాహ్నం కండెలు చుట్టే చోట అందరూ నా వైపు తిరిగారు. ఈ అలవాటు గురించి అప్పటికి నాకెవరూ చెప్పలేదు. "చెప్పు మల్ల, కొత్త పెండ్లికూతురా" అంది పక్కింటి అక్క. నా చేతిలో కండె జారి కింద పడింది. మా పుట్టింట్లో సగం కన్నడం, సగం తెలుగు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో నాకే తెలియదు. ఎలాగో మొదలుపెట్టి, "ఆమె బాగిలు తీసింది" అన్నాను. అందరూ ఒక్కసారి నవ్వారు.

అత్త రాట్నం ఆపింది. "బాగిలంటే వాకిలి. నవ్వేదేముండాది? మీరంతా నా బాగిలు దూరే గదా ఈడికొచ్చి కూసున్న్యారు" అంది. నవ్వు ఆగిపోయింది. తర్వాత నా వైపు చూడకుండా, రాట్నం తిప్పుతూ, చిన్నచిన్న ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. "వాకిలి తీసినాక యేం సూసింది ఆయమ్మి? ఎవరు నిలబడినారు? వానికి గడ్డముండాదా?" ఒక్కో ప్రశ్నకు ఒక్కో మాట చెప్పాను. చివరికి సినిమా అయిపోయింది. నేను చెప్పినట్టే అనిపించలేదు. ఆమె నా నోట్లోంచి పోగు పట్టుకుని మెల్లగా లాగింది, తెగకుండా.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఒక మాట అంది. "సినిమా సూసేదానికి కండ్లుంటే సాలు. చెప్పేదానికి ఎదురుగుండేటోళ్ల మొగం సూడాలమ్మీ. నువ్వు నేల సూస్తాండావు." అప్పటి నుంచి నేల చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను.

ఆమె చెప్పే కథలన్నిటిలో వీధి మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేది ఒకటే. ఆమె చిన్నప్పుడు ఆదోనిలో చూసిన ఒక ఇంగ్లీషు సినిమా. దాని పేరు ఆమెకు తెలియదు. వీధిలో అందరూ 'కట్ట తెగిన సినిమా' అనేవారు. అత్త, ఆమె అక్క, ఇద్దరూ పెళ్లికాని పిల్లలుగా ఉన్నప్పుడు ఆదోనిలో ఏదో పెళ్లికి పోయి, మేనమామ వెంట మధ్యాహ్నం ఆటకు పోయారట. మాటలు ఒక్కటీ అర్థం కాలేదట. అయినా ఏం జరుగుతుందో తెలిసిందట. నీళ్లు వస్తున్నాయంటే ఏ భాషవాళ్లయినా ఒక్క మాదిరే కదా పరుగెత్తేది అనేది.

కథ ఇది. కొండల నడుమ ఒక పెద్ద ఆనకట్ట. దాని కింద ఒక ఊరు. ఆ ఊళ్లో బట్టలు కుట్టుకుని బతికే ఒక లావుపాటి ఆమె. మొగుడు లేడు. కట్టకు నెర్రె పడిందని ఒక ముసలివాడు చెప్తే ఎవరూ నమ్మరు. తెల్లవారి కట్ట తెగుతుంది. ఊరంతా పరుగెత్తుతుంటే ఈమె ఇంట్లోకి పోయి కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని బయటికి వస్తుంది. వీధిలో పిల్లల్ని కూడగట్టుకుని ఒక ఎత్తైన మిద్దె ఎక్కుతుంది. నీళ్లు మిద్దె అంచు దాకా వస్తాయి. ఒక పడవ వస్తుంది కానీ మిద్దె దగ్గరికి రాలేదు, సుడి ఉంది. అప్పుడు ఆమె తన వెంట తెచ్చిన కొత్త బట్ట చుట్ట విప్పి, చించి, ముడులేసి, పడవ దాకా వదులుతుంది. పిల్లలు ఒక్కొక్కరుగా ఆ బట్ట పట్టుకుని పడవలోకి దిగుతారు. అందరికంటే వెనక ఆమె, మిషను వీపుకు కట్టుకుని.

ఇక్కడికి వచ్చేసరికి అరుగు మీద పెద్ద వాదన జరిగేది. మా వీధిలో తప్ప ఇంకెక్కడా ఈ వాదన జరిగి ఉండదు. "ఆ బట్ట ఎన్నో నెంబరు నూలు పెద్దమ్మా?" "సన్న నూలైతే ఆ లావుకు ఆగుతాదా?" "నీళ్లలో తడిసిందంటే ముడి జారదా?" అత్త ఒక్కొక్కరికీ జవాబు చెప్పేది. "ముతకదే. దుప్పటి మాదిరి. తడిస్తే నూలు ఇంకా గట్టిపడతాది, మీకు తెల్దా? పుట్టినప్పటి నుంచి గంజి నీళ్లలో చేతులు పెడతాండారు!"

ఈ కథకు ఇంకో కథ కూడా తోడైంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు తుంగభద్ర పొంగి మంత్రాలయం, మాధవరం అన్నీ మునిగిపోయాయి. అత్త అక్క, అంటే నాకు పెద్దత్త, మాధవరంలో ఉంటుంది. ఆ నీళ్లలో ఆమె ఇంటి పిల్లల్ని తీసుకుని మిద్దె ఎక్కి, పడవ వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఇల్లు పడిపోతుందని కిందివాళ్లు అరుస్తూ ఇంకో వైపు ఈదుకుంటూ పోయారట, వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. బతికి ఎమ్మిగనూరు వచ్చినప్పుడు పెద్దత్త చెల్లెల్ని పట్టుకుని, "నీ సినిమాలో మాదిరే కూసుంటినే మిద్దె మీద. నువ్వు చెప్పేది తల్చుకుంటా కూసుంటి" అందట. ఆ మాట అత్త తన జీవితంలో విన్న అన్ని మాటల కంటే ఎక్కువగా దాచుకుంది. ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. కట్ట తెగిన సినిమా చెప్పడం అయిపోయాక, చివర్లో, కండెలు బుట్టలో వేస్తూ, "మా అక్క కూడా అట్లే బతికె" అని మాత్రం అనేది.

పోయిన ఏడాది అత్తకు గుండె బాగలేదని తేలింది. కాళ్లు వాచాయి. మగ్గం గుంటలో దిగవద్దని ఆదోనిలో డాక్టరు చెప్పాడు. మంచం నడవలోకి వేశాం, వీధి కనపడేట్టు. అప్పుడు ఒక రోజు మా ఆయనతో అంది. "ఆ సినిమా ఇంకోతూరి సూడాలని ఉండాది నాయనా. యాడన్నా దొరుకుతాదా?"

పేరు తెలియదు. ఎప్పటి సినిమానో తెలియదు. మా ఆయన ఫోన్లో వెతికాడు, దొరకలేదు. నూలు కోసం ఆదోని పోయినప్పుడు, ఒకప్పుడు సినిమా డిస్కులు అద్దెకిచ్చి, ఇప్పుడు ఫోన్లు బాగు చేసే ఒక భాయ్ అంగడికి పోయి అడిగాడు. వచ్చి మాకు ఆ సంగతి చెప్తుంటే అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"పేరేందన్నాడమ్మా. పేరు తెలీదు భాయ్, కట్ట తెగతాది, ఊరు మునుగుతాది అంటిని. అట్లాంటివి వంద ఉండాయి, ఏది గావాల అన్నాడు. ఒకామె కుట్టుమిషను నెత్తిన పెట్టుకోని మిద్దె ఎక్కుతాది అంటిని. అంతే! ఎగిరి లేసినాడు. 'అరె, మిషనామె సినిమానా! మా అబ్బాజాన్ దాన్ని మూడాటలు సూసినాడు, మాకు ఇంట్లో దినమ్మూ చెప్తాండె' అన్నాడు."

"సూస్తివా! వాళ్లింట్లో కూడా చెప్తాండిరి!" అంది అత్త. అంత సంతోషంగా నేను ఆమెను చాలా రోజుల తర్వాత చూశాను.

భాయ్ పాత డబ్బాలన్నీ వెతికి డిస్కు తీసి ఉంచితే మా ఆయన పోయి తెచ్చాడు. మా పెళ్లికి ముందెప్పుడో కొన్న డీవీడీ ప్లేయరు అటక మీద ఉంటే దించి, తుడిచి, టీవీకి తగిలించాం. ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన చీరలు ఇచ్చి రావడానికి పోయాడు. వీధిలో వాళ్లను పిలుద్దామా అంటే అత్త వద్దంది. "ముందు మనం సూద్దాం. రేపు అరుగు మీద చెప్తా. కొత్తగా సూసింటా గదా, ఇంకా బాగా చెప్తా."

తలుపు దగ్గరికి వేసి ఇద్దరం కూర్చున్నాం. బొమ్మ రంగు వెలిసిపోయి ఉంది. మాటలు ఇంగ్లీషే. అత్త ఒక్క నిమిషం ఊరుకోలేదు. "ఇప్పుడు సూడు, కుక్క మొరుగుతాది" అంది. కుక్క మొరిగింది. "ఆ ముసలోడు పరిగెత్తుకోని వస్తాడు, టోపీ పడిపోతాది." టోపీ పడింది. "మిషనామె గౌను సూడు, ఊదా రంగు, చుక్కలుంటాయి." ఊదా రంగు గౌనే. చుక్కలూ ఉన్నాయి. ఎప్పుడో చిన్నప్పుడు ఒక్కసారి చూసిన సినిమా. నేను తెర చూడడం మానేసి ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను.

కట్ట తెగింది. నీళ్లు వచ్చాయి. నాకు నిజంగానే భయమేసింది. ఆమె మిషను నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కింది, పిల్లల్ని లాక్కుంది. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు బట్ట తీస్తాది."

బట్ట తీయలేదు. పడవా రాలేదు. మిద్దె ఒక పక్కకు ఒరిగింది. పిల్లల్ని రెండు చేతులతో పొదువుకుని ఆమె అట్లాగే కూర్చుంది. మిద్దె నీళ్లలోకి దిగిపోయింది. తర్వాత నీళ్లు, ఇంకా నీళ్లు. చివర్లో ఎండ, బురద. ఆ బురదలోంచి కుట్టుమిషను చక్రం ఒక్కటే బయటికి కనపడింది. సినిమా అయిపోయింది.

అత్త నా చెయ్యి వదలలేదు. "వెనక్కి పెట్టమ్మీ" అంది.

వెనక్కి పెట్టాను. మిద్దె మళ్లీ కూలింది.

"డిస్కు మార్చినారు. ఇది వేరే సినిమా."

"అదే సినిమా అత్తా. కుక్క, టోపీ, గౌను, అన్నీ నువ్వు చెప్పినట్లే ఉండాయి గదా."

"మల్ల బట్ట యాడ పోయింది?"

డిస్కు ఆపేశాను. ఆమె బొమ్మ పోయిన నీలం తెర చూస్తూ ఉండిపోయింది. "నా కండ్లతో సూసినానమ్మీ. బట్ట వదిలింది. పిల్లోళ్లు దిగినారు. నేను ఎవరికీ లేనిది చెప్పల్యా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మా అక్క నా మాట నమ్మే గదా మిద్దె ఎక్కె. పిల్లోళ్లనంతా పెట్టుకోని."

"బతికింది గదత్తా. అందరూ బతికినారు."

"బతికె. కూలింటే?"

ఆ ప్రశ్న ఆ రోజు నుంచి ఆమె గొంతులోనే ఉండిపోయింది. మిద్దె కూలకపోవడం మిద్దె మంచితనం, తన మాటలో నిజం లేదు అనుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింటే అక్క మిద్దె ఎక్కకుండా ఇంకేదో చేసేదేమో, ఇంకా సులభంగా బయటపడేదేమో అనుకునేది. నేనెంత చెప్పినా వినలేదు. "అక్కతో చెప్పాల. నేను చెప్పిన సినిమా అది కాదని చెప్పాల" అనేది. ఫోన్ చేసి ఇస్తానంటే ఒప్పుకోలేదు. "ఫోన్లో గొంతు ఒగటే పోతాది, మొగం పోదు. అక్క రానీ, ఎదురుగ కూసోబెట్టుకోని చెప్తా." ఆమెను మాధవరం తీసుకుపోవడానికి డాక్టరు ఒప్పుకోలేదు. పెద్దత్తకు మోకాళ్లు పట్టుకుపోయి ఉన్నాయి. మిరప కోత అయిపోయాక మనవడు బండిలో తీసుకొస్తాడని కబురు వచ్చింది. అత్త మిరప ధర అడిగినట్టు ప్రతి రోజూ కోత ఎంతవరకు వచ్చిందని అడిగేది.

ఈలోపు అరుగు మీద కథలు ఆగిపోయాయి. ఆడవాళ్లు వచ్చి, "పెద్దమ్మా, కట్ట సినిమా సూసినావంట గదా, చెప్పవా?" అంటే, "గొంతు బాగాల్యామ్మా" అనేది. ఇంతకాలం ఎవరికీ లేదనని మనిషి. పక్కింటి అక్క నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "దాహమా ఏంది? చెంబు తెచ్చేదా?" అంది. నవ్వించాలని చూసింది పాపం. నాకు ఏడుపొచ్చింది.

ఒక రోజు నేను కండెలు చుడుతుంటే మంచం మీది నుంచి అడిగింది. "అమ్మీ, ఆ మిద్దె కూలేటప్పుడు ఆయమ్మ మొగం ఎట్లుండాది? నేను సరిగా సూడల్యా."

నాకు బాగా గుర్తుంది. "భయపడినట్లు లేదత్తా. పిల్లోళ్ల తలకాయలు నిమురుతాంది" అన్నాను. నేల చూడకుండా, ఆమెను చూసే చెప్పాను.

"ఊఁ" అంది. "బాగ చెప్పినావు."

నా జీవితంలో నాకు వచ్చిన మెప్పు అదొక్కటే అని చెప్పను కానీ, గుర్తు పెట్టుకునేది మాత్రం అదే.

మిరప కోత ఇంకా ఉండగానే ఆమె పోయింది. పెద్దత్త వచ్చేసరికి అత్తను నడవలో పడుకోబెట్టి పూలు వేసి ఉంచారు. పెద్దత్త ఏడవలేదు. చెల్లెలి ముఖం దగ్గర కూర్చుని, నుదుటి మీది వెంట్రుకలు సర్దుతూ ఉండిపోయింది. ఇంటి నిండా జనం. ఆ మాట నేను అప్పుడు చెప్పలేకపోయాను.

మూడో నాడు పాలు పోయడానికి పొద్దున్నే పోయాం. మాలో పూడ్చిపెట్టడమే ఆచారం. పాలు పోసి, వండినవి పెట్టి, అందరూ పక్కకు జరిగి, కాళ్లు చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయారు. పెద్దత్త మోకాళ్లతో వెంటనే లేవలేదు. నేను ఆమె కోసం ఆగాను. మట్టి పక్కన మేమిద్దరమే.

"పోయేముందు నన్ను తలిచిందంట గదా. మీ ఆయన చెప్పె. ఏమో చెప్పాలని ఉండిందంట" అంది పెద్దత్త.

అది నా మాట కాదు, అత్త మాట. అయినా చెప్పేందుకు ఇంకెవరూ లేరు. ఆమె ముఖం చూస్తూ మొదలుపెట్టాను. డిస్కు తెచ్చిన సంగతి, సినిమా పెట్టిన సంగతి, కుక్క, టోపీ, గౌను. మిద్దె కూలింది. బట్ట లేదు. అత్త రోజూ ఏమనుకుని బాధపడిందో, ఎందుకు ఎదురు చూసిందో, అంతా చెప్పాను. కన్నడం మాటలు దొర్లాయి, ఆపలేదు.

పెద్దత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా" అంది. నన్ను కాదు. మట్టిని చూస్తూ అంది.

"దానికి నేను చెప్పిందమ్మా బట్ట కథ."

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు సినిమాలో మిద్దె కూలేటప్పుడు ఇది నా ఒడిలో మొగం పెట్టుకోని సూడనే ల్యా. బయటికొచ్చినాక ఒగటే ఏడుపు. ఆదోని నుంచి బస్సు ఎక్కినాము, ఏడుపు నిలపల్యా. ఆ పిల్లోళ్లు సచ్చిపోయినారా అక్కా, సచ్చిపోయినారా అని. బస్సులో జనమంతా సూస్తాండారు. నేనేం చేద్దు? నువ్వు కండ్లు మూసుకోనుంటివే, సరిగా సూడల్యా, ఆయమ్మ బట్ట చించి ముడేసి పడవలోకి దించె గదా అని చెప్తి. మగ్గం ఇంట్లో పుట్టినోళ్లం, బట్ట తప్ప నాకింకేం తోస్తాది? నిజమా అక్కా అనె. నిజమే అంటి. ఒగ్గొగ్గరు ఎట్ల దిగినారో చెప్పు అనె. ఇంటికొచ్చేదాకా చెప్తానే వస్తి. నిద్రపోయె."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"తెల్లారి వీధిలో అందరికీ అదే చెప్పె. తన కండ్లతో సూసినట్లు. ఎంత బాగ చెప్పె! నేను పక్కన కూసోని వింటిని. కాదని ఎట్లంటాను? మాధవరంలో నీళ్లొచ్చినప్పుడు మిద్దె కూలుతాదని నాకు తెలుసమ్మా. సినిమాలో సూసినా గదా. ఎక్కేదానికి వేరే దావ ల్యా, ఎక్కితి. పిల్లోళ్లు ఏడుస్తాంటే, ఇది చెప్పే కథే చెప్తి వాళ్లకు. నేను పుట్టించిందే, అయినా దీని మాదిరి చెప్తాంటే నాకే ధైర్యమొచ్చె. అందుకే దానితో అట్లంటిని."

బోరింగు దగ్గర నీళ్ల చప్పుడు, మా ఆయన ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తున్నాయి. నాకు ఒక్కటే అనిపించింది. మిరప కోత ఇంకో వారం ముందు అయిపోయి ఉంటే చాలు. ఈ నాలుగు మాటలూ అత్త వినేది. నవ్వేది. మరుసటి రోజు అరుగు మీద ఇది కూడా ఒక సినిమాలాగా చెప్పేది, సరిగ్గా బస్సు దగ్గర ఆపి నీళ్లు అడిగేది.

ఇప్పుడు కూడా అదే అనిపిస్తుంది. కొన్ని బాధలు తీరేవి ఉంటాయి. తీర్చే మనిషి బతికే ఉంటుంది, పక్క ఊళ్లోనే ఉంటుంది. అయినా తీరకుండా పోతాయి. దీనికి ఎవర్నీ ఏమీ అనలేం. వీధిలో అడిగినా ఇంకా ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. మొదట ఇక్కడే రాస్తున్నాను.

"పోదాం పద పెద్దత్తా, ఎండెక్కుతాంది" అన్నాను, లేపడానికి చెయ్యి ఇస్తూ.

"నువ్వు నడువమ్మా. వస్తా."

నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను. పెద్దత్త పట్టుకుపోయిన మోకాళ్ల మీద ముందుకు వంగి, పాలు ఇంకిన ఆ తడి మట్టికి నోరు దగ్గరగా పెట్టింది. ఏడ్చిన పిల్లను నిద్రపుచ్చేటప్పుడు తట్టినట్టు ఒక చేత్తో మట్టిని మెల్లగా తడుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్తోందో నాకు వినపడలేదు. మధ్యలో ఒకసారి రెండో చెయ్యి పైకెత్తి, ఎత్తు నుంచి కిందికి ఏదో జారవిడుస్తున్నట్టు, మెల్లగా, చాలా మెల్లగా దించింది.